జాగా చాలని ఫోన్లు

2014 సెప్టెంబర్ 15న ఢిల్లీలో గూగుల్ తరఫున సుందర్ పిచాయ్ మూడు ఫోన్లను విడుదల చేశారు. ఒకటి మైక్రోమ్యాక్స్‌ది, ఒకటి కార్బన్‌ది, మరొకటి స్పైస్‌ది. మూడూ మన దేశపు కంపెనీలే. ధర ఆరున్నర వేల రూపాయల లోపు. 'ఆండ్రాయిడ్ వన్' పేరుతో గూగుల్ తలపెట్టిన ఆ ప్రయత్నం వెనక మంచి ఉద్దేశమే ఉంది. తక్కువ ధర ఫోన్ కొన్నవాళ్లకూ సరైన ఆండ్రాయిడ్, సమయానికి అప్‌డేట్లు అందాలన్నది ఆలోచన. నాలుగున్నర అంగుళాల తెర, రెండు సిమ్ములు, 1 జీబీ ర్యామ్ ఇచ్చారు. స్టోరేజీ మాత్రం 4 జీబీ. అందులో దాదాపు సగం ఆండ్రాయిడ్‌కే పోయేది. మిగిలిన సగంలో వాట్సాప్, ఫేస్‌బుక్, ఒకటి రెండు ఆటలు ఎక్కించి, పండక్కి నాలుగు వీడియోలు తీసేసరికి 'స్టోరేజీ నిండిపోయింది' అన్న హెచ్చరిక తెర మీదకు వచ్చేది.

ఫోన్ నిండిందంటే దాన్ని వాడే మనిషే చెత్త పోగేశాడని తేల్చేయడం మనకు అలవాటు. అమ్మ ఫోన్ చేతికి తీసుకున్న కొడుకు మొదట అనే మాట అదే. ఆండ్రాయిడ్ చరిత్ర వరసగా చూస్తే ఆ నింద నిలవదు. ఫోన్‌లో ఎంత చోటుండాలి, దాన్ని ఎన్ని ముక్కలుగా కోయాలి, మెమరీ కార్డు మీద ఎవరికి ఎంత అధికారం ఇవ్వాలి అన్నవి ఎక్కడో జరిగిన నిర్ణయాలు. వాటి భారం మాత్రం ఏది తుడవాలో, ఏది ఉంచాలో తెలియక తెర వైపు చూస్తూ కూర్చున్నవాళ్ల మీద పడింది.

మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్ టీ-మొబైల్ జీ1. హెచ్‌టీసీ తయారుచేసిన ఈ ఫోన్ 2008 అక్టోబర్‌లో అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. అందులోని ఫ్లాష్ మెమరీ 256 ఎంబీ. సిస్టమ్ వాడుకోగా యాప్‌లకు మిగిలింది వంద ఎంబీ కూడా కాదు. పెట్టెలో 1 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు ఇచ్చారు గానీ, అది పాటలకూ ఫొటోలకే. యాప్‌లను కార్డులోకి పంపే దారి లేదు. కార్డులో 800 ఎంబీ ఖాళీగా ఉన్నా కొత్త యాప్ దించబోతే జాగా లేదనే ఫోన్ చెప్పేది.

ఈ చిక్కు జీ1తో పోలేదు. 2010లో మంచి పేరు తెచ్చుకున్న హెచ్‌టీసీ డిజైర్‌లోనూ యాప్‌ల గది చాలా చిన్నది. 2011 జూన్‌లో ఆ ఫోన్‌కు జింజర్‌బ్రెడ్ అనే కొత్త ఆండ్రాయిడ్ అప్‌డేట్ ఇవ్వడానికి మెమరీ చాలదని కంపెనీ చెప్పేసింది. వాడకందారులు మండిపడ్డాక మాట మార్చుకోవలసి వచ్చింది. డబ్బు పెట్టి కొన్న వస్తువు ఏడాది తిరిగేసరికి ఇరుకైపోతే కొన్నవాళ్లు ఏం చేయగలరు?

2010 మేలో వచ్చిన ఫ్రోయో, అంటే ఆండ్రాయిడ్ 2.2, కొంత ఊపిరి పోసింది. యాప్‌ను కార్డులోకి మార్చే మీట సెట్టింగ్స్‌లో కనిపించింది. అయితే యాప్ తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటేనే అది పనిచేసేది. ఒప్పుకున్నా మొత్తం యాప్ వెళ్లేది కాదు, కొంత భాగం ఫోన్‌లోనే ఉండిపోయేది. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే కార్డు కంప్యూటర్ చేతికి వెళ్లిపోయేది, కార్డులోని యాప్‌లు ఆ కాసేపూ మాయమయ్యేవి. ఫోన్ మెమరీని యాప్‌లకొకటి, ఫొటోలకొకటిగా రెండు గదులుగా కోసే పద్ధతికి ఫోన్లలో స్వస్తి పలికింది 2011 చివర్లో వచ్చిన గెలాక్సీ నెక్సస్. యాప్‌లూ ఫొటోలూ ఒకే గదిలో సర్దుకునే ఏర్పాటు దానితో మొదలైంది. ఈ రోజు మన ఫోన్లన్నీ అలాగే ఉన్నాయి. అయితే ఆ నెక్సస్‌కు కార్డు పెట్టే చోటే లేదు.

కార్డు లేని ఫోన్‌ను అప్పట్లో మన ఊళ్లలో ఎవరూ ఊహించి ఉండరు. తెలుగు నేల మీద మెమరీ కార్డుది ప్రత్యేకమైన చరిత్ర, దాన్ని ఇప్పటిదాకా ఎవరూ సరిగా రాసిపెట్టలేదు. బస్టాండు పక్క సెల్ షాపుల్లో 'పాటలు లోడ్ చేయబడును' అని బోర్డు ఉండేది. కుర్రాడు కార్డును రీడర్‌లో పెట్టి, కంప్యూటర్‌లో ఫోల్డర్లు తెరిచి, కావలసినవి అడిగేవాడు: ఘంటసాల, ఇళయరాజా, కొత్త సినిమాలు, అయ్యప్ప భజనలు, ప్రవచనాలు, కామెడీ సీన్లు. పది ఇరవై రూపాయలకు కార్డు నిండేది. అందులో ఎక్కువ భాగం చట్టం ఒప్పుకోని నకలే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఇంటర్నెట్ అందని పల్లెకు సంగీతం చేరిన దారి కూడా అదే. కార్డు నిండితే సొంతంగా తుడుచుకోవడం ఉండేది కాదు. మళ్లీ షాపుకు వెళ్లి పాతవి తీసి కొత్తవి ఎక్కించుకునేవాళ్లు, లేకపోతే ఇంకో కార్డు కొనేవాళ్లు.

ఆ వేలిగోరంత కార్డు పుట్టుకలోనూ ఒక భారతీయుడి పాలుంది. 1988లో కాలిఫోర్నియాలో ఎలీ హరారీ, జాక్ యువాన్‌లతో కలిసి సంజయ్ మెహ్రోత్రా అనే కాన్పూర్ ఇంజినీరు స్థాపించిన కంపెనీయే తర్వాత శాన్‌డిస్క్ అయింది. 2004లో ఆ కంపెనీ తెచ్చిన ట్రాన్స్‌ఫ్లాష్ కార్డే మరుసటి ఏడాది మైక్రోఎస్‌డీగా మారింది. మెహ్రోత్రా 2017 నుంచి మైక్రాన్‌కు అధిపతి. మెమరీ చిప్‌ల తయారీలో ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటైన మైక్రాన్ 2019లో హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది.

కార్డుకు గట్టి దెబ్బ తగిలింది 2013 చివర్లో. కిట్‌క్యాట్ అనే ఆండ్రాయిడ్ వెర్షన్ వచ్చాక, బయటి నుంచి వేసుకున్న యాప్‌లు కార్డులో ఎక్కడ పడితే అక్కడ రాయడం, తుడవడం కుదరకుండా పోయింది. ఒక్కో యాప్‌కు తన సొంత ఫోల్డర్ మాత్రమే మిగిలింది. ప్రతి యాప్ కార్డంతా కెలికే వీలు ఉండకూడదన్న భద్రతా కారణం సబబైనదే. అయితే అప్‌డేట్ చేసుకున్న మర్నాడే, ఫొటోలు సర్దుకునే ఫైల్ మేనేజర్ పనిచేయడం మానేస్తే మామూలు మనిషికి కారణం చెప్పేవాళ్లెవరు? రెండేళ్ల తర్వాత మార్ష్‌మాలో అనే వెర్షన్ మరో దారి చూపింది. కార్డును ఫోన్ తనలో కలిపేసుకుని లోపలి స్టోరేజీగానే వాడుకుంటుంది. అలా కలిపిన కార్డు మరో ఫోన్‌లో తెరుచుకోదు, తీసేస్తే యాప్‌లు ఆగిపోతాయి. నాసిరకం కార్డు వేస్తే ఫోన్ మొత్తం నత్తనడకే. శామ్‌సంగ్ లాంటి పెద్ద కంపెనీలు ఆ సదుపాయాన్ని తమ ఖరీదైన ఫోన్లలో ఇవ్వనే లేదు.

ఇవ్వని చోటును ఇచ్చినట్టు చెప్పిన సందర్భమూ ఉంది. 2013లో 16 జీబీ అని అమ్మిన గెలాక్సీ ఎస్4లో వాడకందారుకు నిజంగా దక్కింది 9 జీబీ లోపు. మిగతాదంతా సిస్టమ్, కంపెనీ ముందే ఎక్కించిన యాప్‌లు. బ్రిటన్‌లో బీబీసీ వినియోగదారుల కార్యక్రమం దాన్ని నిలదీసింది.

ఫోన్ నిండితే నెమ్మదిస్తుందన్న ఫిర్యాదు కూడా అపోహ కాదు. దానికి కారణం చిప్ స్వభావంలోనే ఉంది. తోషిబాలో పనిచేసిన జపాన్ ఇంజినీరు ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో అందులోని నాండ్ రకాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఈ రోజు ఫోన్లలో ఉన్నది నాండ్ రకమే. ఇందులో ఒకసారి రాసిన గడి మీద నేరుగా మళ్లీ రాయడం కుదరదు, ముందు చెరపాలి. ఒక్క గడిని విడిగా చెరపడమూ కుదరదు, వేల గడులున్న బ్లాకు మొత్తాన్నీ ఒకేసారి తుడవాలి. పలక మీద ఒక్క అక్షరం మార్చాలంటే మిగతా రాతంతా ఇంకో పలక మీదకు ఎక్కించుకుని, మొదటి పలకంతా తడిబట్టతో తుడిచినట్టు. ఖాళీ పలకలు చేతిలో ఉన్నంతసేపూ పని చకచకా సాగుతుంది. స్టోరేజీ అంచుదాకా నిండితే చిప్‌కు సర్దుకునే చోటే దొరకదు. 2012 నాటి నెక్సస్ 7 ట్యాబ్లెట్లు కొన్ని నెలలకే మందగించడం దీనివల్లేనని చాలామంది అనుభవంతో తెలుసుకున్నారు. మనం తుడిచిన ఫైళ్లున్న చోటు నిజంగానే ఖాళీ అని చిప్‌కు చెప్పే ట్రిమ్ అన్న ఏర్పాటు 2013 జులైలో ఆండ్రాయిడ్ 4.3తో వచ్చింది. రాత్రి ఛార్జింగ్‌లో పెట్టినప్పుడు ఫోన్ ఆ పని తనంతట తాను చేసుకుంటుంది. అందుకే పదో వంతైనా ఖాళీ ఉంచుకోమని ఫోన్లు బాగుచేసేవాళ్లు చెబుతుంటారు, ఆ మాట వినడం మంచిది.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలవడంతో కథ మలుపు తిరిగింది. అప్పటిదాకా డేటా ఖరీదైనది కాబట్టి ఫోన్‌లోకి వచ్చేదీ కొంచెమే. ఆ తర్వాత వరదే. ఫోన్లు మాత్రం పాత 8, 16 జీబీల దగ్గరే ఉన్నాయి. వాట్సాప్ గ్రూపుల్లోంచి పెళ్లి వీడియోలు, గుళ్ల ఫొటోలు, శుభోదయం బొమ్మలు నేరుగా ఫోన్‌లోకి దిగాయి. సోమవారం శివుడు, గురువారం సాయిబాబా, శనివారం వేంకటేశ్వరుడు. భారతీయుల ఫోన్లు ఎందుకింతగా నిండిపోతున్నాయని వెతికిన గూగుల్ పరిశోధకులకు కనిపించింది ఈ బొమ్మలేనని 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. మన దేశంలో ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోన్‌లో చోటు చాలడం లేదని, అమెరికాలో అది పదిమందిలో ఒకరికేనని వెస్టర్న్ డిజిటల్ లెక్కను కూడా ఆ పత్రిక ఉటంకించింది.

ఆ వార్తను ప్రపంచమంతా నవ్వుతూ చదువుకుంది. ఆ నవ్వులో న్యాయం లేదు. టైపు చేయడం రాని ఒక పెద్దావిడకు, పొద్దున్నే ఓ పువ్వు బొమ్మ పంపడమంటే తాను లేచానని, బాగున్నానని పిల్లలకు చెప్పుకోవడం. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి ఆ బొమ్మ రాని రోజు ఆందోళన మొదలవుతుంది. అమెరికాలో ఫోన్లు తక్కువ నిండాయంటే అక్కడివాళ్లు పొదుపరులని కాదు, వాళ్ల ఫోన్లలో చోటు ఎక్కువని.

ఈ సమస్యకు మందు కూడా ఇక్కడి నుంచే మొదలైంది. 2017 డిసెంబర్ 5న గూగుల్ ఢిల్లీలో ఫైల్స్ గో అనే యాప్‌ను విడుదల చేసింది. ఇప్పుడది 'ఫైల్స్ బై గూగుల్'. అప్పట్లో దాని పరిమాణం 6 ఎంబీ లోపే, చోటు లేని ఫోన్‌లో కూడా పట్టాలి కదా. ఒకే ఫొటో రెండు మూడు చోట్ల ఉంటే చూపడం, వాడని యాప్‌లను గుర్తుచేయడం, శుభోదయం తరహా బొమ్మలను ఏరి ముందు పెట్టడం దాని పని. తుడవాలా వద్దా అన్నది మాత్రం మనిషికే వదిలేసింది. ఆ మర్యాద ముఖ్యం.

దానికి ముందు ఈ పనంతా క్లీనర్ యాప్‌లదే. చైనాకు చెందిన చీతా మొబైల్ వారి క్లీన్ మాస్టర్ ఒకప్పుడు ప్రతి రెండో ఫోన్‌లో ఉందా అనిపించేది. ఒక్క నొక్కుతో ఇన్ని వందల ఎంబీలు ఖాళీ అయ్యాయని అంకెలు గిర్రున తిరిగేవి. తుడిచింది చాలావరకు యాప్‌లు వేగం కోసం దాచుకునే తాత్కాలిక ఫైళ్లనే. యాప్ మళ్లీ తెరవగానే అవి తిరిగి పుట్టేవి. ఇతర యాప్‌ల తాత్కాలిక ఫైళ్లను తుడిచే అధికారాన్ని మార్ష్‌మాలో బయటి యాప్‌ల నుంచి తీసేసింది, అయినా ప్రకటనలతో నిండిన ఆ యాప్‌ల జోరు తగ్గలేదు. 2020 ఫిబ్రవరిలో గూగుల్ చీతా మొబైల్ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తొలగించింది. అదే ఏడాది జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో క్లీన్ మాస్టర్‌తో పాటు డీయూ క్లీనర్ కూడా ఉంది.

చోటు ఖాళీ చేయడానికి అందరికన్నా పెద్ద సాయం చేసింది మాత్రం గూగుల్ ఫొటోస్. 2015 మే నెలలో అది మొదలైనప్పుడు, కాస్త పరిమాణం తగ్గించిన ఫొటోలను ఎన్నైనా ఉచితంగా దాస్తామంది. ఫొటోలు గూగుల్ దగ్గరికి చేరాక ఫోన్‌లోని ప్రతులను ఒకేసారి తీసేసే మీట ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి అలా 13.7 పెటాబైట్ల చోటు ఖాళీ చేశామని గూగుల్ ప్రకటించింది. లక్షల కుటుంబాలు తమ ఫొటోలను ఆ మాట మీద నమ్మకంతోనే ఫోన్‌లోంచి తీసేశాయి. 2021 జూన్ 1తో ఆ ఉచితం ఆగిపోయింది. అప్పటి నుంచి కొత్తగా చేరే ఫొటోలు గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీల లెక్కలోకి వస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌లు కూడా 2024 నుంచి అదే లెక్కలో కలిశాయి. ఆ లెక్క దాటితే, ఫోన్‌లో ఖాళీ చేసిన చోటుకు ఇప్పుడు నెలనెలా అద్దె కట్టవలసి వస్తోంది.

యాప్‌ల బరువు తగ్గించే ప్రయత్నం మరోవైపు నడిచింది. యాప్ పరిమాణం 6 ఎంబీ పెరిగిన ప్రతిసారీ దాన్ని దించుకునేవాళ్లు ఒక శాతం తగ్గుతున్నారని 2017లో గూగుల్ లెక్క తేల్చి డెవలపర్లకు చెప్పింది. 2023లో ప్లే స్టోర్ ఆర్కైవ్ అనే సదుపాయం తెచ్చింది. వాడని యాప్‌ను పూర్తిగా తీసేయకుండా, గుర్తు మాత్రం ఉంచి, అది పట్టిన చోటులో దాదాపు 60 శాతం తిరిగి ఇస్తుంది. యాప్‌లో మన సమాచారం చెక్కుచెదరదు. 2024లో ఆండ్రాయిడ్ 15 దీన్ని ఫోన్ సెట్టింగ్స్‌లోకే తెచ్చింది. ఏడాదికోసారి తెరిచే పరీక్ష ఫలితాల యాప్, బస్సు టికెట్ యాప్ లాంటివాటికి ఇది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు కొత్త ఫోన్ కొనేవాళ్లకు 128 జీబీ మామూలైపోయింది. పాత 32 జీబీ ఫోన్ పిల్లల నుంచి తాతయ్యకో నాయనమ్మకో చేరిన ఇళ్లలో మాత్రం ఆ హెచ్చరిక ఇంకా వస్తూనే ఉంది. అలాంటి ఫోన్ చేతికి వస్తే మొదట తెరవవలసింది వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజీ పేజీ. 2020 నవంబర్‌లో మెరుగుపరిచిన ఆ పేజీలో చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీకి మించినవి విడివిడిగా కనిపిస్తాయి. తుడిచేముందు ఫోన్ యజమానిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. పోయిన మనిషి గొంతు ఏ వాయిస్ మెసేజ్‌లో ఉందో ఆ యజమానికే తెలుస్తుంది. గ్యాలరీలో తుడిచినవి చాలా ఫోన్లలో 30 రోజులు, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. అక్కడ కూడా ఖాళీ చేసేదాకా ఆ చోటు తిరిగి రాదు, పొరపాటున పోయినదాన్ని వెనక్కి తెచ్చుకునే గడువు కూడా అదే.