సేవ్ గేమ్ రీలోడ్

వీడియో గేమ్‌లో ఎదురుదెబ్బ తగిలాక, ముందుగా దాచుకున్న దశకు వెనక్కి వెళ్లి మళ్లీ ఆడటం. కరెంటు పోయి ఆగిన ఆటను తిరిగి తెరవడం దీని కిందికి రాదు. 1980 నాటి ‘రోగ్’ ఈ వెసులుబాటు ఇవ్వలేదు: సేవ్ ఫైలు తెరవగానే చెరిగిపోతుంది, పాత్ర చనిపోతే మళ్లీ మొదటి నుంచే. 2012లో వచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’ ఇంకా తెలివైంది. గురి తప్పిందని రీలోడ్ చేసి అదే సైనికుడితో అదే వరుసలో కాల్పిస్తే మళ్లీ తప్పుతుంది. అదృష్టపు లెక్క కూడా సేవ్‌లోనే ఉంటుంది. దాని ‘ఐరన్‌మ్యాన్’ పద్ధతిలోనైతే ఉండేది ఒక్కటే సేవ్. ‘అండర్‌టేల్’లో (2015) చంపిన పాత్రను రీలోడ్‌తో బతికించినా, ఆ సంగతి గుర్తుంచుకునే పాత్ర ఒకటి నిలదీస్తుంది.

నిజ జీవితంలో ఇలా వెనక్కి వెళ్లే వీలుండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అక్కడి రైతు మళ్లీ మొక్క నాటి, కాపు కోసం ఏళ్ల తరబడి చూడాల్సిందే. ఆటలో నష్టానికి అంత బరువు లేదు; కాబట్టి కథ కోసం ఆడేవారు రీలోడ్ చేసుకోవడంలో తప్పులేదు. వ్యూహం నేర్చుకోదలచినవారు మాత్రం ఓటమిని అలాగే ఉంచి ముందుకు ఆడటం మేలు.