ఏడుకొండల కాలిబాట – సకుటుంబ యాత్ర



అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములనుండి తిరుమలకు పోవు గృహస్థులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “కాలినడకన వత్తుమని మ్రొక్కుకొన్నాము. పిల్లలను వెంటబెట్టుకొని మెట్లదారిని పోవవచ్చునా?” అని. 2023వ సంవత్సరమునుండి ఈ ప్రశ్న మరింత భయముతో వినవచ్చుచున్నది. దానికి అవుననియో కాదనియో చెప్పుటకు ముందు, ఆ దారి ఎట్టిదో, పూర్వులు దానిని ఎట్లు నడచిరో కొంత తెలిసికొందము.

తిరుమల చేరుటకు నేడు రెండు మెట్లదారులు కలవు. అలిపిరినుండి పోవునది సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. శ్రీనివాసమంగాపురము వైపునుండి ఎక్కు శ్రీవారిమెట్టు దారి 2 కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ, మెట్లు 2,388. దూరము తక్కువ గనుక రెండవదే సులువని పలువురు తలంతురు. కాని కొండ యెత్తు ఎవరికొరకును తగ్గదు గదా! తక్కువ దూరములో అంత యెత్తును ఎక్కవలసియున్నందున ఆ దారిలో మోకాళ్లకు విశ్రాంతి తక్కువ. అలిపిరి దారిలో గాలిగోపురము వరకు నిట్టనిలువుగా ఎక్కిన పిమ్మట చాల దూరము ఇంచుమించు సమతలమే. చివర మోకాళ్లమెట్టువద్ద మరల కష్టము. వృద్ధులతోను, పిల్లలతోను పోవువారికి అలిపిరి దారియే మేలని మా అభిప్రాయము.

శ్రీవారిమెట్టు చంద్రగిరి వైపు దారి. సాళువ నరసింహరాయలు చంద్రగిరినుండి ఏలిన కాలమున ఆ మార్గమునకు ప్రాముఖ్యము హెచ్చు. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడు మారులు స్వామిని సేవించినట్లు శాసనములవలన తెలియుచున్నది. ఆయన ఒంటరిగా మ్రొక్కి పోలేదు. తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి చేతులు జోడించి నిలిచిన ఆయన ప్రతిమలు నేటికిని ఆలయములో కలవు. సకుటుంబముగా కొండకు పోవుట రాజునకును ఆచారమే!

అంతకు పూర్వము భగవద్రామానుజులు ఈ పర్వతము సాక్షాత్తు ఆదిశేషుడే యని భావించి, పాదములతో త్రొక్కుటకు మనసొప్పక మోకాళ్లపై ప్రాకి ఎక్కినారని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. అందుచేతనే అచ్చటికి మోకాళ్లపర్వతమను పేరు వచ్చెనట. అచ్చటి మెట్లు మోకాలెత్తున నుండుటచేత ఆ పేరు కలిగినదని మరికొందరందురు. ఒకమారు ఎక్కినవారు రెండవ మాటను కాదనజాలరు.

అన్నమాచార్యులవారి కథ మీరందరు విన్నదే. తాళ్లపాకనుండి ఎనిమిదేళ్ల ప్రాయమున, యాత్రికుల గుంపుతో కలిసి బయలుదేరినారని వారి చరిత్ర చెప్పుచున్నది. మోకాళ్లపర్వతము చేరునప్పటికి ఆ బాలుడు ఆకలితోను, అలసటతోను సొమ్మసిల్లి నిదురించెను. అప్పుడు అలమేలుమంగమ్మ ముదుసలి రూపున వచ్చి ప్రసాదము పెట్టి, ఈ కొండ యంతయు సాలగ్రామమయము గనుక చెప్పులు విడిచి ఎక్కుమని చెప్పినదట. చెప్పులమాట అందరికిని జ్ఞాపకముండును. మేము మాత్రము ఇంకొక విషయమును గమనింపుమని వేడుచున్నాము. ఆ చరిత్రను ద్విపదగా రచించిన చిన్నన్న అన్నమయ్యగారి మనుమడే. అయినను తాతగారు అలసి పడిపోయినారన్న మాటను ఆయన దాచలేదు. ఎనిమిదేళ్ల పిల్లవానికి ఆ కొండ ఎంతటిదో ఆయనకు తెలియును. నేడు పిల్లవాడు “కాళ్లు నొప్పి” యన్నచో కసరుకొను తండ్రులను చూచుచున్నాము. అమ్మవారైనను ముందు అన్నము పెట్టి తరువాతనే ఉపదేశించినది.

అలిపిరి దారికి మెట్లు, గోపురములు కల్పించిన పుణ్యము పదునేడవ శతాబ్దికి చెందిన మట్ల అనంతరాజుగారిదని స్థలచరిత్రలు చెప్పుచున్నవి. ఇట్టి పనిని మన రాజులు ఒక్క తిరుమలయందే చేయలేదు. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబలమునకును సోపానములు కట్టించినాడు. భీమునికొలను లోయలో నల్లమల యడవి నడుమ నేటికిని ఆ రాతిమెట్లు కానవచ్చుచున్నవి. ఉగాదికి కన్నడదేశమునుండి వేలాది భక్తులు ఆ యడవిదారినే మల్లన్నను చేరుదురు. దేవాలయమును కట్టించుట ఎంత పుణ్యమో, దానికి దారి వేయించుటయు అంత పుణ్యమని పూర్వులు తలచిరి. దారి వెంట మండపములెందుకు కట్టిరి? యాత్రికుడు ఒక్క బిగిని పైకి పరుగెత్తుననుకొన్నచో మండపము లెందుకు? కూర్చుండి, నీరు త్రాగి, వెనుకబడిన వారికై వేచియుండుటకే గదా!

1830లో చెన్నపట్నమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తిరుపతి, అహోబలము, శ్రీశైలముల మీదుగా మన హైదరాబాదు చేరి ముందునకు సాగినారు. పెద్ద పరివారముతో గుంపుగా సాగిన యాత్ర అది. అడవిలో ఒంటరిగా పోరాదన్నది నాటివారికి ఎవరును చెప్పనక్కరలేని నియమము. శ్రీరుద్రమునందు అరణ్యములకు పతియైనవానికి నమస్కారము చేసిన అనువాకమునందే దొంగలకు పతియైనవానికిని నమస్కారము కలదు. అడవిని పూజించుట వేరు, అందులో భయమే లేదనుకొనుట వేరు.

1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడెను. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి హస్తము కలదు. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ కాలమున అది ప్రారంభమైనది. 1974లో రెండవ రోడ్డు వచ్చినది. అంతవరకు నడవగలవారు నడచిరి, నడవలేనివారిని డోలీలలో మోసికొనిపోయిరి. రోడ్డు వచ్చుటచేత భక్తి తగ్గినదని కొందరు పెద్దలు విమర్శింతురు. మేము అట్లనము. మంచము దిగలేని తల్లిని కొడుకు స్వామి ముందునకు తీసికొనిపోగలుగుట ఆ రోడ్డు పుణ్యమే. కాని దానితో ఒక మార్పు కలిగినది. అంతవరకు అందరిదైన కాలిబాట మ్రొక్కుగలవారి బాటగా మిగిలినది. నడక అలవాటు తప్పినవారు సంవత్సరమునకు ఒకమారు హఠాత్తుగా మూడువేల మెట్లు ఎక్కుచున్నారు. అమీర్‌పేట మెట్రో స్టేషనులో కదలుమెట్లపై నిలుచుండి పైకి పోవు మన పిల్లలకు అలిపిరి ఒక క్రొత్త లోకము!

ఆ కొండలలోని యడవిని 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానముగను, 2010లో శేషాచల జీవావరణ మండలముగను ప్రకటించిరి. ఎఱ్ఱచందనము సహజముగ పెరుగు అరుదైన కొండలివి. చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు అక్కడి నివాసులు, మనము అతిథులము. 2023 జూన్ నెలలో అలిపిరి దారిలో ఒక బాలునిపై చిరుత దాడి చేయగా ఆ బిడ్డ బ్రతికినాడు. ఆగస్టులో మాత్రము తల్లిదండ్రులతో వచ్చిన ఆరేళ్ల బాలిక రాత్రివేళ చిరుత నోట పడి ప్రాణములు కోల్పోయినది. ఆ వార్త విన్ననాడు మాకు అన్నము సహింపలేదు. ఇది పూర్వజన్మ కర్మఫలమని ఆ తల్లిదండ్రులతో అనుటకు ఏ పండితునికిని నోరు రారాదు. ఆ పిమ్మట దేవస్థానమువారు మధ్యాహ్నము రెండు గంటల తరువాత పిల్లలను మెట్లదారిలోనికి పంపరాదని కట్టడి చేసిరి, నడచువారికి చేతికఱ్ఱలిచ్చిరి, అటవీశాఖవారు బోనులుంచి కొన్ని చిరుతలను పట్టిరి.

“స్వామి ఉన్నాడు, మాకేమి భయము?” అని ఆ కట్టడిని ప్రక్కకు నెట్టు భక్తులున్నారు. స్వామి యున్నాడనుట సత్యమే. గుంపుగా నడచుట, మండపములలో ఆగుట, చీకటి పడకమునుపే చేరుట అను నియమములను మనకు నేర్పిన పెద్దలకు విశ్వాసము తక్కువయా? మ్రొక్కు తీర్చుకొనువాడు తల్లి. నడుచువాడు బిడ్డ అయినప్పుడు నియమము మరింత గట్టిగా నుండవలెను.

కనుక పిల్లలతో నడవవచ్చును. పగటివేళ, పదిమందితో కలిసి, పిల్లలను పెద్దల నడుమ ఉంచుకొని నడవవచ్చును. పంజాగుట్టలో గుట్ట పేరులోనే మిగిలినది గాని, కొద్ది దూరములో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము కలదు. యాత్రకు నెలరోజుల ముందునుండి పిల్లలను అచ్చట నడిపించిన కాళ్లు సిద్ధపడును. రాత్రి రైలు దిగి అలసియున్నవారు ఆ పూట ఆగి, మరునాడు తెల్లవారినంతనే అలిపిరి పాదాలమండపమువద్ద బయలుదేరుట యుక్తము. వాహనముల రోడ్డును ఆనుకొని దారి సాగుచోట పిల్లల చేయి విడువరాదు. సామానును అలిపిరిలో అప్పగించినచో దేవస్థానమువారే ఉచితముగా కొండపైకి చేర్తురు. చెప్పులను కూడ ఆ సంచిలోనే పెట్టి పంపువారు కలరు.