పది రూపాయల నోటు మీది నంబరు

మా ఇల్లు సోలాపూర్‌లో హోట్గి రోడ్ దగ్గర. మా తాత నలభై ఏళ్లు కార్ఖానాలో చాదర్లు నేశాడు. ఇప్పుడు కళ్లు సరిగా కనిపించవు. ఆయన ట్రంకు పెట్టెలో రేషన్ కార్డుల కింద ఒక పది రూపాయల నోటు ఉంది. దాని మీద గాంధీ బొమ్మ లేదు, మూడు సింహాల బొమ్మ ఉంది. మహాత్మా గాంధీ వరుస నోట్లు 1996లో వచ్చాయి, అంటే ఇది అంతకు ముందుది. నంబరు చివర 786.

పక్క మగ్గం మీద పనిచేసే ముస్లిం దోస్తు ఒక రంజాన్ పండుగకు, చిన్నపిల్లవాడుగా ఉన్న మా బాపుకు ఆ నోటును ఈదీగా ఇచ్చాడట. "ఖర్చు పెట్టకు, బర్కత్ ఉంటది" అన్నాడట. అరబ్బీలో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె విలువ ఉంటుంది. "బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీం" అక్షరాలను అలా కూడితే 786 వస్తుంది. అందుకే చాలామంది ఆ నంబరు నోటును దాచుకుంటారు. మా ఇంట్లో కూడా దాచారు, మేము పద్మశాలీలమైనా.

పోయిన ఏడాది చిన్నబాపు ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. 786 నోటుకు ఐదు లక్షలు ఇస్తారని అందులో చెప్పారు. ఫోటో పంపాడు. అవతలివాడు తాను రిజర్వ్ బ్యాంక్ మనిషినని చెప్పి, రిజిస్ట్రేషన్‌కు 2,350 రూపాయలు అడిగాడు. చిన్నబాపు ఆ వారం పగారులోంచి పంపాడు. తర్వాత టాక్స్ కోసం ఇంకో 6,000 అడిగితే అనుమానం వచ్చి ఆగాడు. ఆ వారం ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడలేదు. తర్వాత మా సార్ చూపిస్తే తెలిసింది. పాత నోట్లు, నాణేల అమ్మకాల్లో మాకు ఏ సంబంధం లేదు, మేము ఏ ఫీజూ అడగము అని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటించింది. మాకు ఆలస్యంగా అందింది, అంతే.

అప్పటినుంచి నాకు ఒకటే ప్రశ్న. అసలు నోటు మీద నంబరు ఎందుకు వేస్తారు?

మన దేశంలో కాగితం డబ్బు అచ్చు వేసే హక్కును 1861 చట్టంతో ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. ఆ కాలంలో పెద్ద నోటును పోస్టులో పంపాలంటే దొంగల భయం. అందుకని నోటును రెండు ముక్కలుగా కోసి, ముందు ఒక ముక్క పంపేవారు. అది చేరిందని జవాబు వచ్చాక రెండోది పంపేవారు. రెండు ముక్కలూ ఒకే నోటువి అని నంబరే సాక్ష్యం చెప్పేది. దారిలో దొంగకు ఒక ముక్క దొరికినా అది పనికిరాని కాగితమే. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా నచ్చింది. నంబరు అదృష్టం కోసం పుట్టలేదు, కాపలా కోసం పుట్టింది.

ఇప్పుడు కూడా అది లెక్క కోసమే. వంద నోట్లు ఒక కట్ట, ఒకప్పుడు నంబర్లు వరుసగా ఉండేవి. అచ్చులో ఒక నోటు చెడిపోతే దాని బదులు నంబరులో నక్షత్రం గుర్తు ఉన్న నోటు పెడతారు. 10, 20, 50 రూపాయల నోట్లకు ఇది 2006లో మొదలైంది, 500 నోటుకు 2016 డిసెంబరులో. నక్షత్రం ఉంటే దొంగనోటు అని కొందరు దుకాణాల్లో తీసుకోరు, అది తప్పు. చెల్లుతుంది. నోట్లు సేకరించేవాళ్లయితే దాన్నే వెతుకుతారు!

మరి 786కి ఐదు లక్షలు వస్తాయా? నేను లెక్కల నోటుబుక్కులో వేసి చూశాను. ముందున్న అక్షరాలు ఒకటే అయితే, 000001 నుంచి 1000000 వరకు పది లక్షల నోట్లు ఉంటాయి. చివర 786 వచ్చేవి వాటిలో సరిగ్గా 1,000. ఎక్కడైనా 786 ఉంటే చాలు అంటే నాలుగు చోట్ల వెయ్యి చొప్పున 4,000 అవుతాయి. కానీ 786786 రెండుసార్లు లెక్కకు వచ్చింది కాబట్టి 3,999. అదే ఆరు అంకెలూ ఒకటే ఉన్నవి, 777777 లాంటివి, తొమ్మిదే. 123456 ఒక్కటే. ఏడు అంకెల 1000000 కూడా ఒక్కటే. సేకరించేవాళ్లు ఎక్కువ ధర పెట్టేది ఇలాంటి వాటికి. అది కూడా మడత లేని కొత్త నోటైతేనే.

ఒక ప్రదర్శనకు పాత నోట్ల వ్యాపారి వస్తే మేము తాత నోటు తీసుకుపోయాం. ఆయన వెలుతురుకు పెట్టి చూశాడు. నాలుగు మడతలు, ఒక మూల నూనె మరక. "నంబరు మంచిదే, నోటు అలసిపోయింది" అన్నాడు. నూటయాభై ఇస్తానన్నాడు. చిన్నబాపు తల దించుకున్నాడు. నేను మనసులో 2,350లోంచి 150 తీసేస్తున్నాను.

తాత మాత్రం వెనుక వైపు తిప్పి నన్ను అడిగాడు, "తెలుగు ఉందారా దీని మీద?" ఉంది. భాషల వరుసలో పది రూపాయలు అని మన లిపిలోనూ రాసి ఉంది. చదివి వినిపించాను. నోటు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు అమ్మలేదంటే, "ఇచ్చినోడు లేడు కదరా ఇప్పుడు" అన్నాడు.

ఇప్పుడు ప్రతి శనివారం బాపు పగారు తేగానే నేనూ చెల్లెలూ నంబర్లు చూస్తాం. పోయిన నెల ఒక నక్షత్రం నోటు దొరికింది, యాభై రూపాయలది, కొత్తగా పెళపెళలాడుతోంది. దాచుదామన్నాను. అప్పటికే అమ్మ సంచి పట్టుకుని నిలబడింది. కిరాణా దుకాణంలో ఇచ్చి బియ్యం తెచ్చాను.