ఎప్పుడూ తలపడని రెండు జట్లలో ఏది గొప్ప? కంప్యూటర్ ర్యాంకుల కథ

బాన్సువాడ నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. బాన్సువాడలో ఒక హైస్కూల్ జట్టు ఉంది, అటు ఖమ్మం జిల్లా మధిరలో ఇంకో హైస్కూల్ జట్టు ఉంది అనుకోండి. ఈ రెండూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి ఆడలేదు. మరి రెండిట్లో ఏది గొప్ప జట్టు?

మనకు ర్యాంకు అనగానే గుర్తొచ్చేది ఎంసెట్, అంటే ఇప్పటి ఎప్‌సెట్. అక్కడ లెక్క సులువు. లక్షల మంది రాసినా పరీక్ష ఒకటే, ఎక్కువ మార్కులు వచ్చినోళ్లు ముందుంటారు. ఆన్‌లైన్ పరీక్షలు వచ్చాక ఒక్కో సెషన్‌కు ఒక్కో పేపర్ అయింది. అప్పుడు ఏం చేశారు? "నాకు కష్టమైన పేపర్ వచ్చింది, వాడికి ఈజీ పేపర్ వచ్చింది" అనే గొడవ రాకుండా నార్మలైజేషన్ అని ఒక లెక్క తెచ్చారు. ఆటల్లో అయితే ప్రతి జట్టుకూ వేరే పేపరే. నా ప్రత్యర్థులు వేరు, నీ ప్రత్యర్థులు వేరు. నేను పదికి పది గెలిచా, నువ్వు పదికి ఆరే గెలిచావ్. అంతమాత్రాన నేను గొప్పోడినా? నేను ఓడించింది ఎవరిని అని అడగాలి గదా.

ఈ ప్రశ్నను బాగా సీరియస్‌గా తీసుకున్న దేశం అమెరికా. అక్కడ దాదాపు 18 వేల హైస్కూళ్లలో అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్లు ఉన్నాయి. ఒకసారి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 18 వేల జట్లలో ప్రతి జట్టూ మిగతా ప్రతి జట్టుతో ఒక్కసారి ఆడాలంటే 16 కోట్లకు పైగా మ్యాచ్‌లు కావాలి. ఒక జట్టు సీజన్‌కు ఓ పాతిక మ్యాచ్‌లు ఆడుతుందనుకుంటే, మొత్తం జరిగేవి రెండు లక్షల పాతిక వేలు. అంటే జరగగలిగే మ్యాచ్‌లు వెయ్యి ఉంటే, నిజంగా జరిగేవి ఒకటో రెండో. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీని లెక్కతో నింపడమే కంప్యూటర్ ర్యాంకింగ్ చేసే పని.

ఈ కథ కాలేజీ ఆటల దగ్గర మొదలైంది. 1981లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లోకి ఆర్‌పీఐ అనే లెక్క వచ్చింది. అందులో మీ గెలుపు శాతానికి ఇచ్చేది 25 శాతం విలువే. మీ ప్రత్యర్థుల గెలుపు శాతానికి 50, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపు శాతానికి ఇంకో 25. అంటే మీ నంబర్‌లో నాలుగింట మూడు వంతులు మీ చేతిలోనే లేవు! మీరు ఇంట్లో పడుకున్నా, మీరు పోయిన నెల ఓడించిన జట్టు ఇవాళ గెలిస్తే మీ నంబర్ పెరుగుతుంది. ఇంకో వింత ఏంటంటే, బాగా బలహీనమైన జట్టును గెలిచినా మీ నంబర్ తగ్గొచ్చు, ఎందుకంటే వాళ్ల ఓటములు మీ ఖాతాలో పడతాయి. ఇన్ని లోపాలున్నా ఇది 2018 దాకా నడిచింది. కొలరాడో లాంటి చోట్ల హైస్కూల్ ప్లేఆఫ్‌లలో ఏ జట్టును ఏ స్థానంలో పెట్టాలో తేల్చడానికి కూడా ఈ పద్ధతే వాడారు.

తర్వాత గణితం చదివినోళ్లు రంగంలోకి దిగారు. జెఫ్ సాగరిన్ రేటింగ్స్ 1985 నుంచి యూఎస్ఏ టుడే పేపర్లో రావడం మొదలైంది. 1990ల చివర్లో కెన్నెత్ మాస్సీ అనే కుర్రాడు కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టిన పద్ధతి చాలా పేరు తెచ్చుకుంది. దాన్ని మన ఊళ్లతో చెప్తా, ఇది ఊహ మాత్రమే. బాన్సువాడ బోధన్‌ను 8 పాయింట్ల తేడాతో గెలిచింది. బోధన్ ఆర్మూర్‌ను 5 తేడాతో గెలిచింది. ఈ లెక్కన బాన్సువాడ ఆర్మూర్ కంటే 13 పాయింట్లు పైన ఉండాలి. కానీ ఆర్మూర్ వచ్చి బాన్సువాడను 2 తేడాతో ఓడించింది. ఇప్పుడు ఎవరు గొప్ప? ఈ మూడు ఫలితాలూ ఒకదానితో ఒకటి పొసగవు. అందుకని తప్పును మూడు మ్యాచ్‌లకూ సమానంగా పంచుతారు, ఒక్కోదానికి 5 పాయింట్లు. అప్పుడు బాన్సువాడ బోధన్ కంటే 3 పైన, బోధన్, ఆర్మూర్ సమానం, బాన్సువాడ ఆర్మూర్ కంటే కూడా 3 పైన. ఆర్మూర్ చేతిలో ఓడిపోయినా ర్యాంకులో బాన్సువాడే ముందు! వినడానికి అన్యాయంగా ఉంటుంది. కానీ లెక్క చూసేది ఒక్క మ్యాచ్‌ను కాదు, అన్ని మ్యాచ్‌లనూ కలిపి.

మూడు జట్లకు కాగితం చాలు. 18 వేల జట్లకు ఏం చేయాలి? నా బలం తెలియాలంటే నా ప్రత్యర్థి బలం తెలియాలి, వాడి బలం తెలియాలంటే నా బలం తెలియాలి. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్నట్టు. ఈ ముడిని విప్పడానికే కంప్యూటర్ కావాలి. వేల సమీకరణాలను ఒకేసారి పెట్టి, అన్నిటికీ వీలైనంత దగ్గరగా సరిపోయే నంబర్లు వెతుకుతుంది. అందులో మాయ ఏమీ లేదు.

ఇక్కడ ఇంకో తగువు వచ్చింది. పాయింట్ల తేడాను లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుంది? గెలుపు ఖాయమైనా సరే, చిన్న జట్టు మీద ఇంకా ఇంకా స్కోరు చేస్తూనే ఉంటారు. అది ఆటకు మర్యాద కాదు. అందుకే కాలేజీ ఫుట్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే బీసీఎస్ విధానం 2002 నాటికి తన కంప్యూటర్ లెక్కల్లోంచి పాయింట్ల తేడాను తీసేయించింది. వెస్లీ కాలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త పద్ధతిలోనైతే మొదటి నుంచీ గెలుపు, ఓటమి మాత్రమే ఉంటాయి. ఆయన మొదటి మెట్టు ఇది: గెలుపులకు 1 కలుపు, ఆడిన మ్యాచ్‌లకు 2 కలుపు, భాగించు. ఒక్క మ్యాచ్ ఆడి గెలిస్తే 3లో 2, అంటే 0.667. పదికి పది గెలిస్తే 12లో 11, అంటే 0.917. ఒక్కటీ ఆడకపోతే సరిగ్గా సగం, 0.5. ఆ తర్వాత ప్రత్యర్థుల బలాన్ని బట్టి ఈ నంబర్‌ను సరిచేస్తారు. ఒక్క గెలుపుతో ఎవడూ వంద శాతం కాలేడు, ఆడనోడి గురించి ఏమీ చెప్పలేం. నాకు ఇందులో ఒక నిజాయితీ కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. ఈ పద్ధతులన్నీ ఒక గొలుసు మీద నడుస్తాయి. బాన్సువాడ బోధన్‌తో ఆడింది, బోధన్ నిజామాబాద్‌తో ఆడింది, నిజామాబాద్ హైదరాబాద్‌తో ఆడింది, హైదరాబాద్ ఖమ్మంతో, ఖమ్మం మధిరతో. గొలుసు ఉంటే మన జట్టునూ మధిర జట్టునూ పోల్చొచ్చు. గొలుసు తెగితే ఎంత పెద్ద కంప్యూటరైనా చేతులెత్తేస్తుంది. బయటి జట్లతో అస్సలు ఆడకుండా తమలో తామే ఆడుకునే జట్లు ఒక దీవిలా మిగిలిపోతాయి. కాలీ పద్ధతిలో అలాంటి ప్రతి దీవి సగటూ 0.5 దగ్గరే ఉంటుంది, దీవి బలమైనదైనా బలహీనమైనదైనా. అమెరికాలో ఫ్లోరిడాలోని సిటీ ఆఫ్ పామ్స్ క్లాసిక్ లాంటి టోర్నమెంట్లకు వేరే రాష్ట్రాల హైస్కూల్ జట్లు వస్తాయి. ఆ కొద్ది మ్యాచ్‌లే రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య వంతెనలు. ఇంకో సంగతి, అక్కడ కోచ్‌లు మాక్స్‌ప్రెప్స్ లాంటి వెబ్‌సైట్లలో స్కోర్లు ఎక్కిస్తారు. ఎక్కించని మ్యాచ్ కంప్యూటర్ దృష్టిలో జరగనట్టే.

ఇది మన తెలుగు పిల్లల మీద కూడా పడిన విషయమే, కాకపోతే చదరంగంలో. అక్కడ వాడే ఈలో రేటింగ్‌ను తయారు చేసింది ఆర్పాడ్ ఈలో, హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసర్. అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని తీసుకున్నాయి. మీ రేటింగ్ అవతలి వాళ్ల కంటే 200 ఎక్కువ ఉంటే, మీకు సగటున వందకు 76 వంతుల స్కోరు రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే రేటింగ్ పెరుగుతుంది, తక్కువ వస్తే తగ్గుతుంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2600 దాటిందంటే, వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరాడంటే, కొలిచింది ఈ లెక్కే. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అర్జున్. అతను ఓపెన్ టోర్నీలు మస్తుగా ఆడి పైకొచ్చాడు. అది ఎంత కష్టమో చూడండి. 2800 ఉన్న ఆటగాడు 2600 ఉన్నవాడిని గెలిస్తే వచ్చేది 2.4 పాయింట్లు. డ్రా చేసుకుంటే పోయేది 2.6. డ్రా అయినా నష్టమే.

కింది స్థాయిలో కథ వేరు. పిల్లలు ఆటలో గబగబా ఎదుగుతారు, రేటింగ్ మాత్రం వెనకాల నడుచుకుంటూ వస్తుంది. పైగా వాళ్లు ఎక్కువగా వాళ్లలో వాళ్లే ఆడుకుంటే ఉన్న పాయింట్లే చేతులు మారుతుంటాయి, బయటి నుంచి కొత్తవి పెద్దగా రావు. కోవిడ్ తర్వాత ఈ తేడా ఇంకా పెరిగింది. చివరికి 2024 మార్చిలో ఫిడే 2000 లోపు రేటింగులన్నిటినీ ఒకేసారి సవరించింది. 2000కు ఎంత తక్కువ ఉంటే అందులో 40 శాతం కలిపింది. 1200 ఉన్న పిల్లవాడు ఒక్కరోజులో 1520 అయ్యాడు. కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచింది. ఆ పిల్లవాడు ఆ రాత్రి కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. అతని బలాన్ని నంబర్ తక్కువ చేసి చూపుతోందని సమాఖ్యే ఒప్పుకున్నట్టు లెక్క.

ఇక మన దగ్గరికి వద్దాం. మన స్కూల్ ఆటల్లో ఇలాంటి ర్యాంకులు లేవు. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆపైన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నేషనల్స్. ఒకరోజు సెలెక్షన్‌లో బాగా ఆడితే ముందుకు, జ్వరమొస్తే ఇంటికి. స్పోర్ట్స్ కోటా అడిగేది సర్టిఫికెట్, మీరు సీజన్ అంతా ఎలా ఆడారన్నది కాదు. ఊరి గ్రౌండ్‌లో ఏడాది పొడవునా గెలిచిన అమ్మాయికి అది చూపించడానికి ఒక కాగితం ముక్క కూడా ఉండదు. నాకు బాధ కలిగించేది ఇదే. ర్యాంకు లేకపోవడం పెద్ద నష్టం కాదు, ఆడిన మ్యాచ్‌లకు రికార్డే లేకపోవడం పెద్ద నష్టం.

దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. కబడ్డీ కానీ, ఖోఖో కానీ, బాస్కెట్‌బాల్ కానీ, ప్రతి మ్యాచ్‌కు తేదీ, ఎక్కడ ఆడారు, ఎవరితో ఆడారు, స్కోరు ఎంత, ఈ నాలుగూ ఒక షీట్‌లో ఎక్కించండి. ఓడినవి కూడా రాయాలి, గెలిచినవే రాస్తే ఆ లెక్క ఎవరికీ పనికిరాదు. ఏడాదికి ఒక్కసారైనా పక్క జిల్లా జట్టుతో ఒక ఫ్రెండ్లీ పెట్టించమని మీ పీఈటీ సార్‌ను, మేడమ్‌ను అడగండి. ఆ ఒక్క మ్యాచ్‌తో మీ దీవికి ఒక వంతెన పడుతుంది. రేపు ఎవరైనా లెక్క కట్టాలనుకుంటే మీ ఊరు పేరు అందులో ఉంటుంది.

మీ స్కూల్ ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో, ఎవరితో ఆడిందో కామెంట్లలో రాయండి, స్కోర్లతో సహా. బాన్సువాడ చుట్టుపక్కల జట్లు ఓ పది దొరికితే ఆ మాస్సీ లెక్క మనమే ఒక ఎపిసోడ్‌లో చేసి చూద్దాం. ఉంటా మరి.