రక్తపిపాసి వలపు

గత వేసవిలో మా మనుమరాలు కళాశాల సెలవులకు మా పల్లెకు వచ్చియుండెను. ఒకనాటి రాత్రి భోజనములైన పిదప అది అరుగుమీద కూర్చుండి తన సెల్‌ఫోనులో నొక సినిమా చూచుచుండగా, నేను చేరువకు పోయి తొంగిచూచితిని. సున్నమువలె పాలిపోయిన మొగముగల చిన్నవాడొకడు ఒక చిన్నదానిని వీపున నెక్కించుకొని చెట్టు చివరికి ప్రాకుచుండెను. "వీడెవడే?" అని యడిగితిని. "వాడు మనిషి కాదు తాతా, నెత్తురు తాగే దయ్యం. ఆ పిల్ల వాణ్ణే ప్రేమించింది" అని యది చెప్పెను. నేను నవ్వితిని. అది నవ్వలేదు. ఆ రాత్రి చాలసేపు మాకిరువురకు వాదము జరిగినది. ఆ వాదమే నేటి నా ప్రసంగమునకు మూలము.

పెద్దలారా! ఈ ముదివయస్సున నీతనికి దయ్యముల సినిమాతో పనియేమని మీలో కొందరనుకొనవచ్చును. మన యిండ్లలోని పిల్లలు చూచుచున్నవి ఇట్టివే. వలదని గదమాయించుటకు ముందు అందేమున్నదో మనమెరిగియుండుట మంచిదని తలచి, మరునాడు నేను ఆ చిత్రమును మొదటినుండి తుదివరకు చూచితిని. మనుమరాలు ప్రక్కను కూర్చుండి అర్థము చెప్పినది.

దాని పేరు 'ట్వైలైట్', అనగా సందెవెలుగు. స్టెఫెనీ మేయర్ అను అమెరికా రచయిత్రి 2005లో ప్రకటించిన నవలను కేథరిన్ హార్డ్‌విక్ అను దర్శకురాలు 2008 నవంబరులో చలనచిత్రముగా వెలువరించెను. వాషింగ్టన్ రాష్ట్రమున ఫోర్క్స్ అను చిన్న యూరు కలదు. వాన విడువని యూరు. పదునేడేండ్ల బెల్లా యను బాలిక తండ్రి చెంతనుండుటకు అచ్చటికి వచ్చి బడిలో చేరును. అచ్చట ఎడ్వర్డు అను సహపాఠి యుండును. చూపునకు వాడును పదునేడేండ్లవాడే. కాని 1918లో విషజ్వరము లోకమెల్ల వ్యాపించినప్పుడు చావునకు సిద్ధముగానున్న వానిని ఒక వైద్యుడు రక్తపిపాసిగా మార్చెనట. నాటినుండి వానికి వయస్సు లేదు, చావు లేదు, నిద్రయు లేదు. ఆ వైద్యుని కుటుంబమువారందరును ఆ జాతివారే యైనను మనుష్యుల జోలికి పోక, అడవిమృగముల నెత్తురుతో కాలము గడుపుదురు. అందుచే తాము శాకాహారులమని పరిహాసముగా చెప్పుకొందురు! లేడినెత్తురు త్రావి శాకాహారినను మాట వినగానే మా యింటివారందరును నవ్విరి. ఇన్ని నియమములుగల యా చిన్నవానికి ఈ బాలిక నెత్తురు వాసన మాత్రము తాళరానిదగును. చంపవలెనను దప్పికయు, కాపాడవలెనను వలపును ఒక్కమారే పుట్టును. కథ యింతియే. దీనికి 3 కోట్ల 70 లక్షల డాలర్లు వ్యయమై, ప్రపంచమంతట 40 కోట్ల డాలర్లకు చేరువగా వసూలైనది. 2012 నాటికి ఇందలి కథను కొనసాగించుచు మరి నాలుగు చిత్రములు వచ్చినవి.

ఇందు పిల్లలను ఆకర్షించునదేమి? శృంగారమని నేననుకొంటిని. పొరబడితిని. ఆ చిత్రమున కౌగిలింతలు మిక్కిలి తక్కువ. వాడు దగ్గరకు వచ్చును, మరల వెనుకకు జరుగును. తలచిన యెడల ఒక్క క్షణమున ఆమెను చంపగలవాడు తన్ను తాను బిగబట్టుకొని నిలుచును. బలవంతుని నిగ్రహము, ఆ నిగ్రహమునకు కారణము తానేయని యెరిగిన బాలిక గర్వము—ఇవియే ఆ చిత్రమునకు ప్రాణము. ఇంద్రియనిగ్రహము గూర్చి పురాణకాలక్షేపములు వినిన మనము దీనిని తేలికగా త్రోసివేయరాదు. వయస్సు వచ్చుచున్న ఆడుపిల్లకు మగవాని బలమును జూచి భయమును గలుగును, ఆ బలము తనకు కావలి కావలెనను కోరికయు గలుగును. ఆ రెండింటిని ఒక్క మొగమున చూపినవారికి జనము మూగక మానరు.

ఇట్టి కథ మనకు క్రొత్తయు కాదు. లక్కయింటినుండి బయటపడిన పాండవులు అడవిలో నిద్రించుచుండగా భీముడు కావలియుండును. నరవాసన పసిగట్టిన హిడింబుడు, వారిని చంపి మాంసము తెమ్మని చెల్లెలిని పంపును. ఆమె భీముని చూచును. ఆకలి మరచి వలచును. నన్నయభట్టు ఆదిపర్వమున తెలుగు చేసిన యీ ఘట్టము మీరెరుగనిది కాదు. తినుటకు వచ్చి ప్రేమించిన రక్తపిపాసి కథ మన యిండ్లలో వేయేండ్లనుండి చదువబడుచున్నదని చెప్పగా మా మనుమరాలు విస్తుపోయినది. అయితే భేదమొకటి కలదు. హిడింబ వచ్చినదే తడవుగా భీమునితో నిజము చెప్పివేసినది: తానెవరో, తన్నెవరు పంపిరో, ఏ పనికి పంపిరో. ఆపైన ఆమె కుంతి యెదుట నిలిచి తన కోరికను విన్నవించినది. ధర్మరాజు నియమము విధించెను: పగలెల్ల భీమునితో విహరింపవచ్చును, రాత్రికి అతనిని తెచ్చి యొప్పగింపవలెను. కొడుకు పుట్టువరకే యను గడువును ఏర్పడెను. రాక్షసి వలపునకు సైతము పెద్దల యెదుట ఒడంబడిక జరిగినది. ఆ పడమటి చిన్నవాడో, తన సంగతి తాను చెప్పడు. ఆ బాలికయే పుస్తకములు తిరుగవేసి కనుగొనవలసి వచ్చెను.

దానికి మా మనుమరాలు చెప్పిన సమాధానము గట్టిది. "చివర్లో ఆ పిల్లే తనను కూడా వాళ్ళలాగా మార్చమని అడిగింది తాతా. వాడే వద్దన్నాడు" అనెను. నిజమే. చిత్రాంతమున జరుగునది అదియే. నేను వెంటనే మారుమాట చెప్పలేకపోయితిని.

ఈ రక్తపిపాసుల పుట్టుక గూర్చి కొంత చెప్పవలెను. ఇది మొదట నగరముల కథ కాదు, పల్లెల భయము. ఊరిలో ఒకరివెంట నొకరు చనిపోవుచుండ, మొదట చచ్చినవాడే గోరీనుండి లేచివచ్చి తక్కినవారి ప్రాణము పీల్చుచున్నాడని తూర్పు యూరోపు పల్లెవారు నమ్మిరి. 1732లో ఆస్ట్రియా సైనిక వైద్యులు సెర్బియాలోని యొక గ్రామమునకు పోయి, పాతిపెట్టిన శవములను త్రవ్వించి, పరీక్షించి, ప్రభుత్వమునకు నివేదిక వ్రాసిరి. ఆ నివేదిక యూరోపునంతట వింతగా చదువబడెను. తమిళదేశపు సరిహద్దునగల మన పల్లెలలో కాటేరి, రక్తకాటేరి యను పేర్లు వినని ముసలివారుండరు. అంటుజాడ్యము వచ్చిన యూరిలో, వైద్యుడు లేని దినములలో, మనుష్యుని మనస్సు ఎచ్చటనైనను ఒక్కరీతినే నడచును కాబోలు. మన బేతాళుని మాత్రము ఈ కోవలో చేర్చరాదు. 1870లో బర్టన్ దొర విక్రమార్కుని బేతాళకథలను ఇంగ్లీషున వ్రాయుచు బేతాళుని వ్యాంపైరని పేర్కొనెను గాని, మన బేతాళుడు శవము నావేశించి చిక్కుప్రశ్నలు వేయువాడేగాని నెత్తురు త్రావువాడు కాడు.

పల్లె దయ్యమును దొరబిడ్డగా మార్చినది 1819లో పొలిడొరీ యను వైద్యుడు వ్రాసిన చిన్న కథ. పిదప 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' నవల వ్రాసెను. దానిని 1922లో జర్మనీవారు అనుమతి పొందకయే పేర్లు మార్చి 'నోస్ఫెరాటు' అను మూగచిత్రముగా తీసిరి. స్టోకరు భార్య వ్యాజ్యెము వేయగా, ఆ ఫిల్ము ప్రతులను నాశనము చేయవలెనని 1925లో తీర్పు వచ్చెను. కొన్ని ప్రతులు తప్పించుకొనుటచే అది నేటికిని నిలిచియున్నది. వింతయేమన, సూర్యకిరణము సోకిన రక్తపిపాసి చచ్చునను మాట స్టోకరు నవలలో లేదు. అందు డ్రాకులా పగలును తిరుగును. ఆ మాట యీ దొంగచాటు చిత్రమునుండి పుట్టి లోకమున స్థిరపడెను. ఇక మేయరు చేతిలో అదియును తలక్రిందులైనది. ఎండ తగిలినచో ఎడ్వర్డు చావడు, కాలడు. అతని చర్మము వజ్రములు పొదిగినట్లు తళతళలాడును! గోరీనుండి లేచిన పీనుగు నూరిన్ని తొంబదేండ్లలో ఆడుపిల్లలు కన్నార్పక చూచు సొగసుకాడైనాడు.

మన సినిమాలలో ఇట్టిది లేదాయని మీరడుగవచ్చును. కలదు. 1949లో మీర్జాపురము రాజాగారు శోభనాచల సంస్థ పక్షమున తీసిన 'కీలుగుఱ్ఱము'లో ఒక రాక్షసి సుందరాంగియై రాజును వలపించి అంతఃపురమున చేరును. రాత్రులందు ఏనుగులను, గుఱ్ఱములను భక్షించి, నేరమును పట్టపురాణిపై మోపును. ఆ రాక్షసి వేషము అంజలీదేవిది. కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. మాటలు తాపీ ధర్మారావుగారివి, సంగీతము ఘంటసాలవారిది. తమిళములోనికి మార్చబడిన తెలుగు చిత్రములలో అదియే మొదటిది. నా చిన్ననాట డేరా సినిమాలో నేల టిక్కెట్టు కొని దానిని చూచితిని. కొయ్యగుఱ్ఱము ఆకాశమున కెగురగా మేమందరము లేచి నిలుచుంటిమి. నేడు తలచుకొనగా లోపము తోచుచున్నది. ఒక ఆడుమనిషి ఏనుగును తినగలదాయని ఆ రాజునకు సందేహమే కలుగదు! రాక్షసికి ఆకలి తప్ప వేరు హృదయమును లేదు. ఆమె రాజును కొంచెమైనను ప్రేమించెనా యను ప్రశ్నకు ఆ కథలో తావు లేదు. ఈ విషయమున పడమటి చిత్రము మనదానికంటె ఒక మెట్టు పైనున్నదని యొప్పుకొనవలెను. 1957లో తాడిపత్రివారైన కె. వి. రెడ్డిగారు 'మాయాబజారు' తీయునాటికి మనవారును మారిరి. అందు హిడింబ ఆశ్రమమువంటి యిల్లు నడుపు తల్లి. రంగారావుగారి ఘటోత్కచుడు, వలచిన పడుచువారిని కలుపుటకు పూనుకొనిన పెద్దన్న. అందు శశిరేఖాభిమన్యుల ప్రేమకు రాక్షసజాతి యంతయు పెండ్లిపెద్దయైనది.

ఇక ఆ పడమటి చిత్రము లోపములు. నవల యంతయు బెల్లా తన నోట తాను చెప్పుకొన్నట్లు వ్రాయబడినది. ఆమె సంశయములు, వెరపులు, వేళాకోళములు అందు పుటలకొలది యుండునట. తెరమీద అవి యన్నియు కన్నులార్పుటలుగా, మాట మధ్య మ్రింగుటలుగా మిగిలినవి. నవల చదువనివానికి ఆ పిల్ల యేల యట్లు తడబడుచున్నదో తెలియదు. వజ్రపుచర్మము సంగతి చెప్పనక్కరలేదు. చెమట పట్టిన మొగముమీద అభ్రకపుపొడి చల్లినట్లున్నది. శత్రువులైన రక్తపిపాసులు కథ మూడువంతులు నడచిన పిదప గాని నాయికను చేరరు. ఇవి చేతిపని లోపములు, క్షమింపవచ్చును.

క్షమింపరానిదొకటి కలదు. ఆ చిన్నవాడు రెండు నెలలుగా రాత్రులందు ఆమె యెరుగకయే గదిలో ప్రవేశించి, నిద్రించుచున్న ఆమెను చూచుచు నిలుచుచుండెనట. ఆ సంగతి వాడే చెప్పును. ఆ పిల్ల కోపింపదు. చిత్రమును దానిని ప్రేమచిహ్నముగా చూపినది. మన పల్లెలో నొకడు ఇట్లు చేసిన యెడల స్తంభమునకు కట్టివేయరా? నేనీమాట యనగా మా మనుమరాలు తల వంచుకొని, "అది నాకూ నచ్చలేదు తాతా. కానీ చూసేటప్పుడు తెలియలేదు" అనినది. నా కలవరమంతయు ఆ కడపటి మాటలో నున్నది. సంగీతము, వాన, ఆ చిన్నవాని మొగము కలసి, దొంగతనమును దొంగతనముగా కనబడనీయలేదు. రుక్మిణిని కృష్ణుడు ఎత్తుకొనిపోయెను గదాయని యెవరేని యనవచ్చును. ముందు రుక్మిణి అగ్నిద్యోతనుని చేత కబురు పంపినది. పిలిచిన పిదపనే కృష్ణుడు వచ్చెను.

మేమీ మాటలలో నుండగానే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చెను. దానిని వెంటబెట్టుకొని పోయితిని. ఆ కథ మనకు కొట్టినపిండి. తిరుపతి నేలిన పాలెగాడొకడు క్రొత్తగా పెండ్లియైన పడుచులను చెరపట్టువాడు. అవిలాలలో కైకాలవారింట పెరిగిన గంగమ్మ చేయిని సైతము వాడు పట్టబోయెను. ఆమె నిజరూపము చూపగా వాడు పారిపోయి దాగెను. బైరాగి, బండ, తోటి మున్నగు వేషములు దినమునకొకటి వేసికొని ఆమె వానిని వీధివీధిని వెదకెను. తుదకు దొరవేషమున వచ్చినప్పుడు, తనకంటె పెద్దదొర యెవరో వచ్చెనని వాడు బయటపడెను. ఆమె వాని తల నరికెను. వాడెట్టి రూపసియో, ఎట్టి దుఃఖము కలవాడో, ఏ శాపమున నట్లయ్యెనో మన కథ యొక్క మాటయు చెప్పదు. చెరపట్టినవానికి తల తెగుటయే.

వేషములు పోవుచున్న వీధిలో నిలుచుండి ఈ కథ నంతయు మనుమరాలికి చెప్పితిని. మగవారు చీరలు కట్టి, పసుపు పూసికొని, పూలు తురుముకొని పోవుచుండిరి. అది చాలసేపు చూచి, "పాలెగాడు అందంగా ఉండుంటే, వాడి వైపునుంచి ఎవరన్నా సినిమా తీసుంటే, మేము వాడి కోసం ఏడ్చేవాళ్ళమేమో తాతా" అనినది. నేనేమియు అనలేదు. జాతర కడపటి రాత్రి తెల్లవారుజామున అమ్మవారి మట్టిరూపమును తొలగించునప్పుడు జనులు ఆ మట్టికై యెగబడుదురు గదా. ఆ త్రొక్కిసలాటలో అదియును చొచ్చుకొనిపోయి, చేతిరుమాలులో నొక పెళ్ల కట్టుకొని వచ్చెను. సెలవులు ముగిసి ఊరికి పోవునప్పుడు దానిని పెట్టెలో బట్టల మధ్య పెట్టుకొనుట చూచితిని.