ఎర

ఎల్లారెడ్డి, కామారెడ్డి చెరువు గట్ల మీద ఎర అంటే వానపాము, పిండి ముద్ద, చిన్న కప్ప. మాటకు అసలు అర్థం తిండి. తమిళ ‘ఇరై’, కన్నడ ‘ఎరె’ దాని తోబుట్టువులు. మరి ఎరగా గాలానికి తగిలించే రబ్బరు కప్పలో తినడానికేముంది? (మనుషులకు వేసే ఎరల్లోనూ అంతే లెండి.) అయినా కొర్రమట్ట దూకుతుంది. పైకొచ్చి గాలి పీల్చే చేప, నాచు మీది కదలికను వదలదు. పిల్లల మందను కాచేటప్పుడైతే ఆకలి లేకున్నా కోపంతో కరుస్తుంది. రబ్బరు కప్పకు కొక్కేలు వీపుకు ఆనుకొని పైకి ఉంటాయి, తామర తూళ్లకు చిక్కవు. రెండు గుంజులు గుంజి ఆపాలి. నీళ్లు చిందగానే లాగితే ఉత్త కప్పే చేతికొస్తుంది. ఒక్క క్షణం మింగనివ్వాలి. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లోనూ నడి లోతుల్లో రబ్బరు కప్ప దండగ, ఒడ్డు గడ్డిలోనే విసరాలి.