దిక్కులేని మోటారు

అమెరికాలో విస్కాన్సిన్, మిన్నెసోటా సరస్సుల వైపు చేపల వేటకు సెకండ్‌హ్యాండ్ పడవ కొనబోయేవాళ్లకు తరచూ తగిలేది పధ్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ. దాని వెనక పలకకు బిగించిన పాత మోటారు మూత మీద ఎవిన్‌రూడ్ అనో, జాన్సన్ అనో వెలిసిపోయిన అక్షరాలుంటాయి. రెండూ ఒకే ఇంటి మోటార్లు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు.

ఇల్లు కట్టినవాడు ఓలే ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టి, పసివాడిగా విస్కాన్సిన్ చేరాడు. చదువు మూడో తరగతితో సరి. ఆ తర్వాత ఇనుమే అతని బడి. 1906 వేసవిలో ఒకౌచీ సరస్సు దగ్గర వనభోజనాలకు వెళ్లినప్పుడు కాబోయే భార్య బెస్ కేరీ ఐస్‌క్రీమ్ అడిగిందట. ఓలే ఎండలో తెడ్డు వేసుకుంటూ వెళ్లి తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయింది. పడవకు మోటారు పెట్టాలన్న పట్టుదల అక్కడే పుట్టిందంటారు. కథకు కొంత మెరుగు పెట్టి ఉంటారు గానీ, ఆ ఏడాదే వాళ్లకు పెళ్లయింది. 1909 నాటికి ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు అమ్మకానికి వచ్చింది. బరువు 62 పౌండ్లు, ధర 62 డాలర్లు. ఇలాంటి మోటారు చేసిన మొదటివాడు ఓలే కాదు; కామెరాన్ వాటర్‌మన్ అంతకుముందే అమ్ముతున్నాడు. అయితే సామాన్యుడి చేత తెడ్డు మాన్పించింది మాత్రం ఓలే పనితనం, బెస్ రాసిన ప్రకటనలు.

బెస్ ఆరోగ్యం చెడితే, తన పేరున్న కంపెనీలో వాటాను ఓలే 1914లో అమ్మేసుకున్నాడు. కొన్నేళ్లకు తిరిగొచ్చి, అల్యూమినియం వాడి తేలిక చేసిన ఎల్టో మోటారుతో పాత కంపెనీకే పోటీగా నిలిచాడు. 1929లో ఆ రెండు కంపెనీలూ ఒక గొడుగు కిందికి వచ్చాయి. బెస్ 1933లో పోయింది, మరుసటి ఏడాదే ఓలే. కొడుకు రాల్ఫ్ కాలంలో జాన్సన్ కూడా కలిసింది. అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ అన్న పేరు స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక గ్రమ్మన్ వంటి విమానాల కంపెనీ కూడా అల్యూమినియం పడవలు చేయసాగింది. తేలిక పడవ, తేలిక మోటారు. కార్మికుడికీ ఆదివారం పూట ఒక సరస్సు దక్కింది.

ఆ వైభవంలోనే చేటు దాగి ఉంది. కంపెనీ ఆయువుపట్టు టూ-స్ట్రోక్ మోటారు. తాగిన పెట్రోలులో పావు వంతు వరకు కాలకుండానే నీళ్లలోకి వదిలేది. వాకీగన్ రేవు అడుగున కంపెనీ కర్మాగారం నుంచి చేరిన పీసీబీ విషాలు 1970ల్లోనే బయటపడ్డాయి. 1996లో అమెరికా ప్రభుత్వం పడవ మోటార్ల పొగను 2006 కల్లా మూడొంతులు తగ్గించాలని నిబంధన పెట్టింది. పోటీదారులు ఫోర్-స్ట్రోక్ వైపు మళ్లుతుంటే, ఈ ఇల్లు టూ-స్ట్రోక్‌నే బతికించుకోవాలని ఫిక్ట్ అనే జర్మన్ ఇంధన పద్ధతిని హడావిడిగా తెచ్చింది. మోటార్లు చెడిపోయాయి, ఫిర్యాదులు కుప్పపడ్డాయి, పరువు పోయింది. కంపెనీ చేతులు మారింది. 2000 డిసెంబర్ 22న, క్రిస్మస్ ముంగిట, కంపెనీ ఐపీ పెట్టింది. వేలమంది బతుకులు వీధిన పడ్డాయి.

బొంబార్డియర్ అనే కంపెనీ ఆ మోటార్ల వ్యాపారాన్ని కొని, ఈ-టెక్ పేరుతో టూ-స్ట్రోక్‌నే మళ్లీ నిలబెట్టింది. నిజానికి అవి మంచి మోటార్లే. కానీ కొనేవాళ్ల మనసు అప్పటికే ఫోర్-స్ట్రోక్ మీదికి వెళ్లిపోయింది. 2020 మే 27న, కోవిడ్ రోజుల్లో, ఎవిన్‌రూడ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. ఆ పైన ఆ యాజమాన్యం తన పడవలకు ఇంజిన్ల కోసం ఒప్పందం చేసుకున్నది ఎవరితో? అదే విస్కాన్సిన్‌లోని పాత ప్రత్యర్థి మెర్క్యురీతో. ఓలే చూడకుండా పోవడమే నయమైంది.

చిత్రమేమిటంటే, ఇంటిని ముంచింది తెలివైన మోటార్లు. మిగిలింది మొద్దు మోటార్లు. పెట్రోలులో నూనె కలిపి పోసే పాత కార్బ్యురేటర్ మోటారుకు విడిభాగాలు బయటి కంపెనీలు నేటికీ చేస్తున్నాయి. 1980 తర్వాతి మోటారు వయసు తెలుసుకోవడం తేలిక: మోడల్ నంబరులోని రెండు అక్షరాలే ఏడాది. ఇంట్రడ్యూసెస్ అన్న ఇంగ్లీషు మాటలోని పది అక్షరాలకూ వరసగా ఒకటి నుంచి సున్నా దాకా అంకెలిచ్చారు, మన కటపయాది లెక్కలా. సీ, ఆర్ అని ఉంటే 1984.

పేరు చూసి మురిసేముందు మోటారును గట్టిగా ఊపి చూడండి. వెనక పలక కదిలిందంటే లోపలి ప్లైవుడ్ కుళ్లినట్టే. పడవను ట్రైలర్ మీదే ఉంచి లోపల నీళ్లు పోయండి, వదులైన రివెట్లు కారి చూపిస్తాయి. గేర్ నూనె తెల్లబారితే సీలు పోయింది. సిలిండర్లన్నిటిలో కంప్రెషన్ ఇంచుమించు ఒకేలా ఉండాలి. అమ్మేవాడు ముందే మోటారు నడిపి వేడెక్కించి పెడితే, చల్లారేదాకా ఆగి మళ్లీ తాడు లాగమనండి. ఇవన్నీ నిలిస్తే పాత కార్బ్యురేటర్ ఎవిన్‌రూడ్‌ను నిర్భయంగా కొనవచ్చు. మూత మీద ఫిక్ట్ అని కనిపిస్తే మాత్రం, ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దు.